రక్తం శుభ్రమైన రోజే ఒకటో రోజు

మా నాయనకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. బీపీ పడిపోయి, మాట తడబడి, మూత్రం కూడా సరిగ్గా రాని స్థితిలో తిరుపతికి తెచ్చాం. బతికాడు. ఇప్పుడు పాకాల దగ్గర మా ఊళ్లో పొద్దున్నే తోట దాకా నడిచి వస్తున్నాడు. విషయం తెలిసి పలకరించడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఏం మందు వేశారు? ఎంత ఖరీదు ఇంజెక్షన్?" మందు సంగతి కూడా చెబుతాను. కానీ దగ్గరుండి చూసినదాన్ని బట్టి, ఆయన్ను దక్కించింది ఏదో ఒక్క మందు కాదు. ఏ పని ముందు చెయ్యాలో అది ముందు చేశారు, చేసిన పరీక్షే విసుగు లేకుండా మళ్లీ చేశారు, బాగైనట్టు కనిపించాక కూడా ఆపలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాయనకు అరవై దాటాయి. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. మాది తోతాపురి మామిడి తోట. కాయ దిగిపోయాక ఆగస్టులో కొమ్మలు కత్తిరించే పని పెట్టుకున్నాడు. అప్పుడే కుడి మడమలో ముల్లు దిగింది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ ఎప్పుడో తగ్గిపోయింది కాబట్టి ఆయనకు నొప్పే తెలియలేదు. అమ్మ చూసేసరికి మడమ పగులు చుట్టూ ఎర్రగా వాచి, నొక్కితే చీము వస్తోంది. పసుపు పెట్టి గుడ్డ కట్టింది. కొన్నాళ్లకు నడుము నొప్పి మొదలైంది. పని ఎక్కువై పట్టేసిందనుకున్నారు. తగ్గకపోతే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటానన్నాడు నాయన. మడమ పుండుకూ నడుము నొప్పికీ సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికి తోస్తుంది?

ఆ తర్వాత చలిజ్వరం. మామూలు చలి కాదు, రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంత వణుకు. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి ఒక ఇంజెక్షన్ వేసి, మాత్రలు ఇచ్చి వెళ్లాడు. సాయంత్రానికి చెమట పట్టి జ్వరం దిగింది, రాత్రికి మళ్లీ ఎక్కింది. అలా రెండు మూడు సార్లు జరిగింది. దుప్పటి కప్పినా ఆగని వణుకు రక్తంలోకి బాక్టీరియా చేరిందనడానికి గట్టి గుర్తు అని తర్వాత డాక్టర్లు చెప్పారు.

నేను తిరుపతిలో టీచర్‌ని. ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయన ఏందేందో మాట్లాడతా ఉండాడు పాపా. మోటరు ఆపలేదంటాడు, కాయల లారీ వచ్చిందంటాడు. చేతులు సల్లగా ఉండాయి." జ్వరం ఉన్న మనిషికి చేతులు చల్లగా ఉండటం నాకు నచ్చలేదు. 108కు చెప్పి, తిరుపతికే తీసుకురమ్మన్నాను. మా చిన్నాన్న వెంట వచ్చాడు. నేను క్యాజువాల్టీ గుమ్మం దగ్గర నిలబడ్డాను.

అంబులెన్స్ తలుపు తెరిచేసరికి నాయన నన్ను గుర్తుపట్టాడు గానీ పేరు మా అత్త పేరు పెట్టి పిలిచాడు. బీపీ 82/46. నాడి 130. నిమిషానికి 30 సార్లు ఊపిరి తీసుకుంటున్నాడు. షుగర్ 400 దాటింది. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మాయి పంచె పైకి జరిపి మోకాళ్లు చూసింది. చర్మం మీద నీలం రంగు మచ్చలు వల అల్లినట్టు ఉన్నాయి. రక్తప్రసరణ చర్మం దాకా అందట్లేదని దాని అర్థం. ఆమె ఇంకేం మాట్లాడకుండా సిస్టర్‌కు వరసగా పనులు చెప్పడం మొదలుపెట్టింది.

మొదటి గంటలో జరిగినవి నా కళ్ల ముందు ఇప్పటికీ ఉన్నాయి. మందు ఎక్కించక ముందే కల్చర్ కోసం, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్ష కోసం, రక్తం తీశారు. సిస్టర్ మోచేతి మడతలో మందునీళ్లతో రుద్ది, అది ఆరేదాకా ఆగింది. ఆరాక మళ్లీ వేలితో తాకలేదు. సీసాల మూతలు కూడా స్పిరిట్‌తో తుడిచింది. ఒక చేతి నుంచి రెండు సీసాలు, రెండో చేతి నుంచి ఇంకో రెండు. చిన్నాన్నకు కోపం వచ్చింది. "మనిషే పాలిపోయి ఉంటే ఇంత రక్తం తీస్తారేం మేడం?" అన్నాడు. ఆమె పని ఆపకుండానే చెప్పింది: పెద్దవాళ్ల రక్తంలో బాక్టీరియా చాలా పలచగా ఉంటుందట. ఒక్కోసారి ఒక మిల్లీలీటరుకు ఒక్కటి కూడా దొరకదు. కొంచెం రక్తం తీస్తే ఉన్నా కనపడదు, అందుకే ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు కావాలి. రెండు చేతులూ ఎందుకంటే, చర్మం మీద ఊరికే ఉండే క్రిమి సూది వెంట వచ్చిందా, నిజంగా రక్తంలోనే ఉందా అనేది తేలాలి. యాంటీబయాటిక్ ఎక్కాక తీస్తే సీసాలో ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు ఏ క్రిమికి ఏ మందు అనేది గుడ్డిగా ఊహించుకోవాల్సిందే.

చిన్నాన్న మాట్లాడలేదు. కానీ నాకు అప్పుడే ఊళ్లో వేసిన ఇంజెక్షన్లు గుర్తొచ్చి భయమేసింది. వాటి పేర్లు ఎవరికీ తెలియవు, చీటీ లేదు. అదృష్టం కొద్దీ క్రిమి దొరికింది. దొరకని ఇళ్ల సంగతి ఆలోచిస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది. చలిజ్వరం రాగానే పేరు తెలియని యాంటీబయాటిక్ ఒకటి రెండు డోసులు పడటం మన పల్లెల్లో మామూలైపోయింది. దానివల్ల జబ్బు పోదు, జబ్బు జాడ మాత్రం పోతుంది.

కల్చర్ తీసిన వెంటనే రెండు యాంటీబయాటిక్‌లు మొదలయ్యాయి. ఏ క్రిమి అన్నది తెలియదు కాబట్టి ఎక్కువ రకాల క్రిముల మీద పనిచేసేవి. సెలైన్ వేగంగా ఎక్కించారు. కిలో బరువుకు 30 మిల్లీలీటర్లు అన్నది లెక్క, నాయనకు దాదాపు రెండు లీటర్లు పట్టింది. లాక్టేట్ అనే పరీక్ష చేశారు. ఒంట్లో కణాలకు రక్తం, ఆక్సిజన్ అందనప్పుడు అది పెరుగుతుంది. ఆయనకు 5 దాటింది. సెలైన్‌తో బీపీ నిలవకపోయేసరికి బీపీ పెంచే నార్అడ్రినలిన్ మందు పంపు పెట్టి ఐసీయూకు మార్చారు. సగటు బీపీ 65 దగ్గర నిలబెట్టడం వాళ్ల లక్ష్యం. ఆ తర్వాత లోపలికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు మానిటర్ మీద బ్రాకెట్లో ఉన్న ఆ సగటు అంకె కోసమే వెతికేవి.

ఇంత తొందర ఎందుకన్నది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. కెనడా, అమెరికా ఆస్పత్రుల్లో, ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌తో చేరినవాళ్ల రికార్డులు చూసి 2006లో ఒక అధ్యయనం వచ్చింది. బీపీ పడిపోయాక మొదటి ఆరు గంటల్లో, సరైన యాంటీబయాటిక్ ఒక్కో గంట ఆలస్యమయ్యే కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గిందట. మా ఊరి నుంచి తిరుపతికి గంట పైన ప్రయాణం. రాత్రి అమ్మ ఇంకాసేపు చూద్దామనుకొని ఉంటే?

పెద్ద డాక్టర్ మర్నాడు పొద్దున నన్నూ చిన్నాన్ననూ కూర్చోబెట్టి ఏదీ దాచకుండా చెప్పారు. "బీపీ మందు మీద నిలబడే స్థితిలో, లాక్టేట్ కూడా పెరిగి వచ్చినవాళ్లలో నూటికి నలభై మందికి పైగా దక్కరమ్మా. మీ నాన్నగారికి కిడ్నీ కూడా దెబ్బతింది. రెండు రోజులు గట్టిగా చూద్దాం." ఆ మాటలకు కాళ్లల్లో బలం పోయింది. కానీ అబద్ధపు ధైర్యం చెప్పనందుకు ఆయన మీద నమ్మకం కుదిరింది. కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ 2.8 దాకా పోయింది. డయాలసిస్ పెట్టాల్సి వస్తుందేమోనని సంతకం తీసుకున్నారు. చివరికి ఆ అవసరం రాలేదు.

ఐసీయూ బయట వరండాలో చాప వేసుకుని ఉండేవాళ్లందరం రెండో రోజుకే బంధువుల్లా అయిపోయాం. శ్రీకాళహస్తి వాళ్లు, పీలేరు వాళ్లు, సత్యవేడు నుంచి వచ్చిన ఒకామె. ఆమె భర్తకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మొదలై రక్తంలోకి పాకింది. మూడు చోట్ల తిప్పి తిప్పి ఇక్కడికి తెచ్చేసరికి ఊపిరితిత్తులూ కిడ్నీలూ రెండూ పోయాయి. మూడో రోజు తెల్లవారుజామున ఆయన పోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని, "వారం ముందు బైకు మీద సంతకు పోయొచ్చినాడు మే" అని ఒకే మాట మళ్లీ మళ్లీ అంది. 2017 సంవత్సరానికి వేసిన అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదే 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) వస్తే, కోటీ పది లక్షల మంది చనిపోయారు. ఆ అంకె చదివినప్పుడు నాకు ఆమె గొంతే వినిపించింది.

మొదటి రోజు గడవక ముందే ల్యాబ్ నుంచి ఐసీయూకు ఫోన్ వచ్చింది. కాగితం రిపోర్టు కోసం వాళ్లు ఆగలేదు. నాలుగు సీసాల్లోనూ క్రిమి పెరిగింది. తర్వాత ఒకసారి రిపోర్టు కోసం మైక్రోబయాలజీకి వెళ్తే అక్కడి మేడం ఓపిగ్గా గుమ్మం దగ్గర నిలబెట్టి ఒక సీసా చూపించారు. సీసా అడుగున నీలాకుపచ్చ బిళ్ల ఒకటి ఉంటుంది. బాక్టీరియా పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే అది పసుపు రంగుకు తిరుగుతుంది. యంత్రం పగలూ రాత్రీ ఆ బిళ్లల్నే చూస్తూ, ఏ ఒక్కటి రంగు మారినా కూత పెడుతుంది. అప్పుడు ఆ సీసాలోంచి ఒక చుక్కను గాజు పలక మీద వేసి రంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తారు. నాయన రక్తంలోనివి ఊదా రంగులో, ద్రాక్ష గుత్తుల్లా కనిపించాయన్నారు. స్టెఫైలోకాకస్ ఆరియస్. చాలామంది ముక్కులో, చర్మం మీద ఏ హానీ చెయ్యకుండా ఉండే క్రిమే. మడమ పగులు నుంచి రక్తంలోకి దారి దొరికించుకుంది.

"ఇది మామూలు క్రిమి కాదు, రక్తంలోకి వస్తే ఎక్కడ పడితే అక్కడ గూడు కడుతుంది. గుండె కవాటాలు, వెన్నెముక, కీళ్లు..." అన్నారు పెద్ద డాక్టర్. పెన్సిలిన్ రాకముందు బోస్టన్‌లో ఈ క్రిమి రక్తంలో చేరిన 122 మందిని లెక్కించి 1941లో రాశారు. నూటికి 82 మంది చనిపోయారు. ఇన్ని మందులు వచ్చాక కూడా ఇప్పటికీ నూటికి ఇరవై, ముప్పై మంది పోతున్నారు. ఆస్పత్రిలో పూర్తిస్థాయి ఇన్‌ఫెక్షన్ స్పెషలిస్టు లేరు. ఆ సంగతి దాచకుండా, మా డాక్టరే చెన్నైలో ఆ విద్య చదువుకున్న ఒకాయనకు ఫోన్ చేసి రిపోర్టులన్నీ పంపించి సలహా తీసుకున్నారు. ఈ క్రిమి విషయంలో ఆ స్పెషలిస్టు చెయ్యి పడిన రోగులు ఎక్కువ మంది బతుకుతున్నారని ఎన్నో అధ్యయనాల్లో తేలిందట. ఒక డాక్టర్ ఇంకొకరిని అడగడాన్ని మనవాళ్లు కొందరు చేతకానితనం అనుకుంటారు. నేను మాత్రం ఆ ఫోనుకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతాను.

ఏ మందుకు లొంగుతుందన్న రిపోర్టు కూడా వచ్చాక, పెద్ద మందులు రెండూ ఆపేసి సెఫజోలిన్ అనే ఇంజెక్షన్ ఎనిమిది గంటలకు ఒకసారి మొదలుపెట్టారు. మెడికల్ షాపులో దాని ధర చూసి చిన్నాన్నకు అనుమానం వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు అని చెప్పి తక్కువ మందు వేస్తున్నారేమో అని. నన్ను పక్కకు పిలిచి, "మనమే డబ్బు కట్టి ఆ పెద్ద మందే వేయించుకుందాం పాపా, పొలం పోయినా పర్లేదు" అన్నాడు. అన్న మీద ప్రేమతో అన్న మాటే అది. డాక్టర్ విసుక్కోలేదు. ఖరీదైన మందు బలమైన మందు కాదన్నారు. చిన్నాన్న అడిగిన ఆ వాన్కోమైసిన్ అనేది మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని మొండి రకానికి వేసే మందు. లొంగే రకాన్ని అది మెల్లగా చంపుతుంది. అదే క్రిమిని సెఫజోలిన్ లాంటివి వేగంగా చంపుతాయి, వాటితో బతికేవాళ్లు ఎక్కువ. పైగా కిడ్నీ మీద భారం తక్కువ. "మీ అన్నగారి క్రిమికి ఇదే పెద్ద మందు" అన్నారు. చిన్నాన్న అప్పటికి తలూపాడు. ఆ రాత్రి వరండాలో నాతో, "ఆయప్ప చెప్పింది అర్థమైంది" అన్నాడు.

నాలుగో రోజుకు బీపీ పంపు తీసేశారు. జ్వరం తగ్గింది. నాయన నన్ను నా పేరుతో పిలిచాడు. ఇంకా కొంచెం మత్తు మాటలు ఉండేవి. "కరెంటు వచ్చిందేమో చూడు, మోటరు వెయ్" అనేవాడు నడిరాత్రి. సిస్టర్ ఒకామె, కడప అమ్మాయి, "వేసినాం పెద్దాయనా, పొలం తడుస్తా ఉంది, నువ్వు పడుకో" అని చెప్పి దుప్పటి సర్దేది. గడియారం, కళ్లజోడు తెచ్చి దగ్గర పెట్టమని, పగలు కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టమని ఆమే చెప్పింది. ఆ రెండూ పెట్టాక మాటలు తేరుకున్నాయి.

మేమంతా గట్టెక్కామనుకున్నాం. కానీ ఆ క్రిమి దొరికినప్పటి నుంచి రోజు మార్చి రోజు మళ్లీ కల్చర్ తీస్తూనే ఉన్నారు. జ్వరం తగ్గిన మనిషికి మళ్లీ ఎందుకని నేనే అడిగాను. సమాధానం మర్నాడు వచ్చింది: సీసా మళ్లీ పసుపు తిరిగింది. మందు పడుతున్నా, మనిషి తేరుకుంటున్నా, రక్తంలో క్రిమి అలాగే ఉంది. "జ్వరం మాట నమ్మకూడదు, సీసా మాట నమ్మాలి. లోపల ఎక్కడో చీము గూడు ఉంది. అది తీయకుండా ఎన్ని డోసులు వేసినా గుమ్మం దగ్గర తరిమితే దొడ్డిదారిన వస్తుంది" అన్నారు డాక్టర్. ఇక వెతుకులాట మొదలైంది.

సర్జన్ వచ్చి మడమ పుండు కోసి, చచ్చిన కండనంతా తీసేశారు. పైకి చిన్న పగులే గానీ లోపల పెద్ద గుంతే ఉంది. గుండెకు ఛాతీ మీద నుంచి ఎకో చేశారు, ఏమీ కనిపించలేదు. అంతటితో వదల్లేదు. గొంతులోంచి గొట్టం దింపి వెనక నుంచి గుండెను చూసే ఎకో చేశారు. కవాటాల మీద చిన్న గడ్డ ఉన్నా మామూలు ఎకోలో తప్పిపోవచ్చట. ఆ గొట్టం మింగడానికి నాయన చాలా బాధపడ్డాడు. కవాటాలు శుభ్రంగా ఉన్నాయని చెప్పినప్పుడు అమ్మ అక్కడే నిలబడి కొండ వైపు తిరిగి దండం పెట్టింది.

నడుము నొప్పి గురించి నాయన ఎప్పటినుంచో చెబుతున్నాడు కదా, ఎమ్మారైలో అది బయటపడింది. నడుము దగ్గర మూడో, నాలుగో వెన్నుపూసల మధ్య డిస్కుకు, రెండు పూసలకూ ఇన్‌ఫెక్షన్ పట్టింది. పక్కన ఉన్న కండరంలో చీము చేరింది. నరాల మీద ఒత్తిడి లేదు కాబట్టి వెన్నుకు ఆపరేషన్ అక్కర్లేదన్నారు. స్కాన్‌లో చూసుకుంటూ సూది దించి కండరంలోని చీము లాగి, సన్నటి గొట్టం పెట్టారు. సంచిలోకి దిగిన ఆ చిక్కటి పసుపు నీళ్లు చూసినప్పుడు అర్థమైంది, పని ఎక్కువై పట్టేసిందనుకున్న నడుములో ఇన్నాళ్లూ ఇది ఉందని. మందులు ఎక్కించడానికి మెడ నరంలో పెట్టిన పెద్ద గొట్టం, లైను అంటారు, అది కూడా తీసేశారు. రక్తంలో క్రిమి తిరుగుతున్నప్పుడు ఆ ప్లాస్టిక్ గొట్టమే దానికి ఇల్లవుతుంది.

ఆ తర్వాత తీసిన కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఇంకో రెండు రోజులకు తీసినదానిలోనూ పెరగలేదు. సీసాల్ని ఐదు రోజులు యంత్రంలో ఉంచి చూశాకే లేదని రాసిచ్చారు. మా డాక్టర్ కేస్ షీట్ మీద ఆ మొదటి శుభ్రమైన కల్చర్ తారీకుకు గుండ్రంగా గీత గీసి, "ఇవాళ్టి నుంచి కాదు, చేరిన రోజు నుంచి కాదు, ఈ తారీకు నుంచి ఆరు వారాలు" అన్నారు. ఎక్కడా గూడు కట్టకపోతే కనీసం రెండు వారాలు నరంలోకే మందు పడాలి. వెన్నుకు పట్టింది కాబట్టి ఆరు. అంతకుముందు పడిన మందు రోజులు ఈ లెక్కలోకి రావు.

ఇంట్లో పెద్ద గొడవ వచ్చింది ఇక్కడే. మనిషి లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, జ్వరం లేదు, నవ్వుతున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఇంకా ఎందుకు ఉంచారు? బిల్లు కోసమేమో" అన్నవాళ్లే. మేనమామ ఒకాయన డిశ్చార్జ్ రాయించుకుని, మాత్రలు వాడుకుంటే చాలన్నాడు. నాయన కూడా "తోటలో పని ఆగిపోయింది పాపా, పోదాం" అని పట్టుబట్టాడు. పైగా పక్క మంచం మీద ఉన్న శ్రీకాళహస్తి అమ్మ ఏడు రోజుల మందుతో ఇంటికి వెళ్లిపోయింది. "ఆమెకూ రక్తంలోనే కదా, ఆమెకు ఏడు, నాకు ఆరు వారాలా?" అన్నాడు.

అది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. డాక్టర్ మంచం మీద కూర్చుని నాయనకే చెప్పారు. ఆమెకు వచ్చింది మూత్రంలోంచి పాకిన ఈ.కోలి. అది వేరే క్రిమి, అలా గూళ్లు కట్టుకునే స్వభావం తక్కువ. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లలో చాలామందికి ఏడు రోజుల మందు పద్నాలుగు రోజులతో సమానంగా పనిచేస్తుందని తేలింది. మూడున్నర వేలకు పైగా రోగులను చూశారు అందులో. కానీ స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలోకే తీసుకోలేదు. "అందరికీ ఎక్కువ రోజులు వెయ్యాలని మాకేం సరదా లేదు. ఆమెకు తగ్గించింది లెక్క ప్రకారమే, మీకు పెంచిందీ లెక్క ప్రకారమే. మధ్యలో ఆపితే వెన్నులో మిగిలింది మళ్లీ లేస్తుంది. రెండోసారి మీరు నడిచి రాకపోవచ్చు" అన్నారు. నాయన కాసేపు ఊరుకుని, "అట్లయితే కానీ సార్" అన్నాడు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఇంటి మాట ఎత్తలేదు.

ఆ వివరం నాయనకు ముఖాముఖి చెప్పకపోయి ఉంటే మేం ఆయన్ను ఆపగలిగేవాళ్లం కాదు. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, ఈ జబ్బులో రోగికీ ఇంటివాళ్లకూ విషయం అర్థమయ్యేలా చెప్పడం కూడా చికిత్సలో భాగమే. కొన్నిచోట్ల అది జరగదు. సంతకాలు తీసుకుంటారు గానీ ఎందుకో చెప్పరు. చెప్పనిచోట అనుమానం పెరుగుతుంది, అనుమానం పెరిగినచోట మనుషులు మధ్యలో లేచి వెళ్లిపోతారు.

సగం రోజులు వార్డులో గడిచాక, చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా వెళ్లే సన్నటి పొడవాటి లైను పెట్టి మా ఇంటికి పంపారు. మా వీధిలోనే రిటైరైన స్టాఫ్ నర్సమ్మ ఉంది. ఆమె రోజుకు మూడు పూటలా వచ్చి ఇంజెక్షన్ ఇచ్చింది. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. వచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కునేది, లైను మూత పదిహేను సెకన్లు రుద్దేది, అప్పుడే సిరంజి తగిలించేది. లైను చుట్టూ ఎర్రబడినా, చలి వచ్చినా గంట కూడా ఆగకుండా తీసుకురమ్మని ఆస్పత్రిలో చెప్పి పంపారు. స్నానానికి ఆ చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టేవాళ్లం. వారానికోసారి రక్తపరీక్షలు: క్రియాటినిన్, తెల్లకణాలు, ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ. సీఆర్‌పీ చేరినప్పుడు 280, ప్రతి వారం దిగుతూ వచ్చింది. షుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెట్టారు. నాయనకు అది ఇష్టం లేదు. కానీ మడమ పుండు మానాలంటే షుగర్ అదుపులో ఉండాలని చెప్పాక వేసుకుంటున్నాడు.

ఆరు వారాలు నిండాక సీఆర్‌పీ 6కు వచ్చింది. లైను తీసేశారు. ఆ తర్వాత మూడు నెలల్లోపు జ్వరం వచ్చినా, నడుము నొప్పి పెరిగినా, కాళ్లు తిమ్మిరెక్కినా వెంటనే రావాలని చీటీ మీద రాసిచ్చారు. అలాంటిదేమీ రాలేదు.

అయితే పూర్తిగా పాత మనిషి కాలేదన్నది కూడా చెప్పాలి. జుట్టు బాగా రాలింది, మళ్లీ వస్తోంది. చాలా రోజులు మెట్లు ఎక్కలేకపోయాడు. కాయల లెక్క నోటితో చెప్పే మనిషి కాగితం మీద వేసుకుంటున్నాడు. ఐసీయూ కలలు వస్తున్నాయని అమ్మతో చెప్పాడట. సెప్సిస్ నుంచి బయటపడ్డ చాలామందికి ఇలా నెలల తరబడి ఉంటుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి మేం కంగారు పడలేదు. బరువులు ఎత్తొద్దన్నారు. ఈ ఏడు కత్తిరింపు పని చిన్నాన్న కొడుకు చూసుకున్నాడు.

మా వైపు నుంచి ఎవరికైనా ఇలా అయితే నాకు ఫోన్లు వస్తున్నాయి. నేను డాక్టర్‌ని కాదు, మందులు చెప్పను. మందు ఎక్కించక ముందు కల్చర్ తీశారా, రిపోర్టులో ఏ క్రిమి వచ్చింది, మళ్లీ తీసిన కల్చర్ ఎప్పుడు శుభ్రమైంది, గుండె చూశారా, చీము ఎక్కడుందో దొరికిందా, ఏ తారీకు నుంచి ఎన్ని రోజులు లెక్కపెడుతున్నారు — ఇవి అడగమంటాను. మొన్న చంద్రగిరి నుంచి ఒకబ్బాయి వాళ్లమ్మ గురించి చేశాడు. ఊళ్లో రెండు ఇంజెక్షన్లు అయిపోయాయి, వణుకు తగ్గట్లేదు అన్నాడు. ఇంజెక్షన్ ఖాళీ సీసాలు పారేయకుండా జేబులో వేసుకుని, ముందు బండి ఎక్కించమన్నాను.